మోకాలికి తక్‌పట్టీ

ఉస్మాన్‌గంజ్‌లో ఖాళీ లారీ కనిపిస్తే చూసినవాడి ప్రాణం ఉసూరుమంటుంది. సరుకు దింపేసి, తిరుగు లోడు దొరక్క, ఉత్తపుణ్యానికి డీజిల్ తాగుతూ వెళ్లే బండిని చూసి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమాస్తా, అది తన బండి కాకపోయినా, నాలుక చప్పరిస్తాడు. చక్రం తిరిగిందంటే దాని మీద ఏదో ఒకటి ఉండాలి. చింతపండు బస్తాలు కావచ్చు, ప్లాస్టిక్ బకెట్లు కావచ్చు, బదిలీ అయిన ఉద్యోగి మంచాలూ బీరువాలూ కావచ్చు. ఈ బజారుకున్న వేదాంతమంతా అదే. అలాంటి చోట, కిందటేడు ఏప్రిల్‌లో, తెల్లవారుజామున ఐదింటికి, 47 ఏళ్ల నేను, 81 కిలోల నేను, నిమ్మకాయ రంగు బూట్లు తొడుక్కుని, నెత్తిన ఏమీ లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, వెనక ఎవరూ తరమకుండా పరిగెత్తాను.

లారీ వెనక గొలుసు విప్పుతున్న మా ముఠా మేస్త్రి చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది సారూ? దుకాణంల ఏమన్న అయ్యిందా?"

"ఏం కాలేదు. ఊరికే."

"ఊరికే ఎందుకు ఉరుకుతున్నరు?"

ఆగస్టులో మారథాన్ ఉందనీ, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా పరిగెత్తాలనీ చెప్పాను.

"ఏం తీస్కపోతరు?"

"ఏమీ తీసుకుపోను."

"ఆడికెళ్లి ఏం తెస్తరు?"

"మెడల్ ఇస్తారు."

"మంచిదే. కిరాయి ఎంతిస్తరు?"

"కిరాయి లేదు. నేనే కట్టాలి."

ఆయన గొలుసు వదిలేశాడు. పోతూ ఖాళీ, వస్తూ ఖాళీ, పైగా ఎదురు కిరాయి! 20 ఏళ్లుగా నేను రాసిన కూలి లెక్కలకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, ఆ శనివారం నుంచి డబ్బులు నా ఎదుటే రెండుసార్లు ఎంచుకుంటున్నాడు.

నేను ఇక్కడొక టోకు కిరాణా దుకాణంలో ఖాతాలు రాస్తాను. మా షావుకారు కొడుకు కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తే బృందంలో ఉన్నాడు. నాకు షుగరు గడప దాకా వచ్చి నిలబడిందని డాక్టరు చెప్పిన రోజున ఆ అబ్బాయి నన్ను పట్టుకున్నాడు. "అంకుల్, జిమ్ము వద్దు, ఫీజులు వద్దు. రెండు కాళ్లుంటే చాలు. పరుగు ఫ్రీ." ఉచితం అన్న మాట వినపడితే ముందు తూకంరాయి తిప్పి చూడాలని ఇన్నేళ్లు గంజ్‌లో బతికిన నాకు తట్టలేదు.

గంజ్ అంటే తెలియనివారికి ఒక్క సంగతి చెప్పాలి. రైతు సరుకు తెచ్చి కాంటా పెట్టగానే అతనికొక చిట్టీ రాసిస్తారు. దాన్నే తక్‌పట్టీ అంటారు. అందులో పైన సరుకు బరువూ ధరా ఉంటాయి, చూడముచ్చటగా. ఆ కింద మొదలవుతుంది అసలు సాహిత్యం. అడ్తి కమీషన్ ఇంత. హమాలీ ఇంత. తూచిన దడువాయికి ఇంత. సంచికి ఇంత. చివర్లో తరుగు, అంటే తేమ ఆరితే తగ్గబోయే బరువు ఇంత. చిట్టీ చివరికి వచ్చేసరికి తాను అమ్మాడో కొన్నాడో రైతుకే అనుమానం వస్తుంది. ఎవరెవరి వాటాలో మారొచ్చు గానీ తరుగు మాత్రం ఎప్పుడూ సరుకు తెచ్చినవాడి ఖాతాలోనే.

మారథాన్ కూడా ఒక గంజే. అక్కడ సరుకు మోకాలు.

మొదటి కోత బూట్లది. పాత కాన్వాసు బూట్లతో వెళితే బృందమంతా నా పాదాల వంక, పెళ్లికి హవాయి చెప్పులతో వచ్చినవాణ్ని చూసినట్టు చూసింది. షాపులో కుర్రాడు నన్ను కదిలే పట్టా మీద నడిపించి, నా అడుగు లోపలికి వాలుతోందన్నాడు. నా అడుగు 47 ఏళ్లుగా లోపలికే వాలుతోంది, దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. అయినా దాన్ని నిలబెట్టే బూట్లు 13 వేలు. పరుగు పందేనికి వేరే జత ఉండాలట, అడుగున కార్బన్ పలక ఉన్నది. 2017లో నైకీ కంపెనీ అలాంటి బూటు మార్కెట్లో దింపినప్పటి నుంచీ ప్రపంచ రికార్డులు ఒక్కొక్కటే రాలిపడ్డాయి. నిజమే. రెండు గంటల చిల్లరలో మారథాన్ ముగించేవాడికి ఆ పలక నిమిషాలు మిగిల్చింది. నాకు మిగిల్చే నిమిషాలతో నేను చేసేదల్లా మెడల్ ఇచ్చే క్యూలో మరికాసేపు నిలబడటం.

ఈ బూట్ల వ్యాపారం ముందు మా బేగంబజార్ సేట్లు పసిపిల్లలు. మడమ కింద ఇంత మెత్త ఉండాలని దశాబ్దాల పాటు అమ్మారు. 2009లో ఒక అమెరికన్ పాత్రికేయుడు మెక్సికో కొండజాతివాళ్ల పరుగు మీద పుస్తకం రాసి, అసలు బూట్లే దండగన్నాడు. వెంటనే ఏం చేశారు? బూట్లు లేకుండా పరిగెత్తడానికి బూట్లు అమ్మారు! అయిదు వేళ్లకూ అయిదు గదులున్న ఆ తొడుగును కప్పకాళ్లలా వేసుకుని లోకమంతా గెంతింది. అవి వేసుకుంటే గాయాలు తగ్గుతాయని చెప్పుకున్న వైబ్రమ్ కంపెనీ, రుజువు చూపించమని కొన్నవాళ్లు కోర్టుకెక్కితే, 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. ఆ తర్వాత మళ్లీ మెత్త, ఈసారి దిండంత. ఇక 2022లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ వాళ్లు 12 ప్రయోగాలు, 11 వేలమందికి పైగా మనుషుల లెక్క తీసి, ఏ రకం బూటు వేసుకున్నా గాయాల్లో పెద్ద తేడా కనబడలేదని తేల్చారు. ఆ సమీక్షను మా బృందంలో పెడితే, దాని కిందే ఒకాయన కొత్తగా వచ్చిన మోడల్ రంగులు పెట్టాడు. పదిహేడు మంది చప్పట్లు కొట్టారు, రంగులకు.

మన దేశంలో మారథాన్ జాతీయ రికార్డు దశాబ్దాల పాటు ఎవరి పేరిట ఉండేదని అడిగితే మా వాళ్లు ఫోను తీస్తారు. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేశాడు. సైన్యంలో పనిచేసిన బిహారీ. వట్టికాళ్లతో పరిగెత్తడం అలవాటున్న మనిషి. ఆ రికార్డు 40 ఏళ్లకు పైగా చెక్కుచెదరలేదు. ఈలోగా ఎన్ని లక్షల జతలు అమ్ముడుపోయాయో!

రెండో కోత గడియారానిది. మా దుకాణంలో గోడ గడియారం టైమ్ మాత్రమే చెబుతుంది. నా చేతి గడియారం, రాత్రి నేను నిద్రపోయానా లేదా అన్నది పొద్దున నాకే చెబుతుంది. బాగా నిద్రపట్టిందని లేచి కూర్చుంటే, లేదు, నీకు సరిగా పట్టలేదు అంటుంది. మా ఆవిడ మాట మీద కూడా పెట్టని నమ్మకం దాని మీద పెట్టాను. ఒకరోజు ఇంట్లో దాన్ని మరిచిపోయి 8 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, లెక్కలోకి రానందుకు దుఃఖం ఆగక, సాయంత్రం గడియారం పెట్టుకుని మళ్లీ పరిగెత్తాను. ఖాతాలో పడని సరుకు గోదాములో ఉన్నా లేనట్టే కదా.

మా దారి ఉస్మాన్‌గంజ్ నుంచి మొజంజాహీ మార్కెట్, అక్కణ్ణుంచి అబిడ్స్, బషీర్‌బాగ్, ట్యాంక్‌బండ్. వెళ్లిరావడానికి ఆ దారిలో కోచ్ అవసరమే లేదు. వేగం పెంచి, తగ్గించి, మళ్లీ పెంచడాన్ని ఇంటర్వల్స్ అంటారు. గంజ్ దాటేలోపు రివర్సు కొడుతున్న లారీ, తోపుడు బండి, గోనెసంచి మీద కునుకు తీస్తున్న ఎద్దు ఆ శిక్షణ ఇచ్చేస్తాయి. గోషామహల్ మలుపు కుక్కలకు మాత్రం టెంపో రన్ అంటే ప్రత్యేకమైన ఇష్టం. నా జీవితంలో అత్యంత వేగవంతమైన కిలోమీటరు వాటి పర్యవేక్షణలోనే నమోదైంది. ట్యాంక్‌బండ్ మీద తెలుగుజాతి మహానుభావులంతా విగ్రహాలై ఉన్నారు, కవులూ రాజులూ వాగ్గేయకారులూ. పరిగెత్తుతున్నవాడు ఒక్కడూ కనిపించడు. వాళ్లకు వేరే పనులుండేవి కాబోలు.

ఇక ఈ మతంలో మంత్రాలు. అన్నీ అంకెలే.

నిమిషానికి 180 అడుగులు పడాలన్నారు. జాక్ డేనియల్స్ అనే కోచ్ 1984 ఒలింపిక్స్‌లో కూర్చుని పరుగువీరుల అడుగులు లెక్కపెట్టి గమనించిన సంగతి అది. ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తేవాళ్లు, పోటీ మధ్యలో ఉన్నప్పటి అడుగులు. దాన్ని తెచ్చి, మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో సిగ్నల్ కోసం నిలబడి అక్కడికక్కడే గెంతుతున్న నా కాళ్లకు కట్టారు. రోజుకు 10 వేల అడుగులన్నది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి దానికి పెట్టిన పేరులోంచి ఊడిపడింది. వారానికి 10 శాతానికి మించి దూరం పెంచకూడదనేది మరో స్మృతివాక్యం. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 500 మందికి పైగా మనుషులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మెల్లగా, ఇంకో గుంపుకు మామూలుగా పరుగు పెంచుకుంటూ పోయారు. అటూ ఇటూ అయిదుగురిలో ఒకరు గాయపడ్డారు. తేడా లేదు.

దెబ్బ తగిలితే ఐసుగడ్డ పెట్టాలన్నది ఇంకొకటి. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే ఆ చతుర్విధ సూత్రాన్ని 1978లో రాసిన డాక్టర్ గేబ్ మిర్కిన్, 2014కు వచ్చేసరికి ఐసు వల్ల మానడం ఆలస్యమవుతుందేమోనని తానే మాట మార్చుకున్నాడు. ఆయన మార్చుకున్నాడు గానీ, మా బృందం మార్చుకోలేదు. మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ తినడానికి కూర్చుని, దాన్ని మోకాలి మీద పెట్టుకున్నవాణ్ని నేను కళ్లారా చూశాను. సీతాఫలం ఐస్‌క్రీమ్. పాపం, కరిగిపోయింది.

వీటన్నిటికీ మించినది గాయం. బయటివాళ్లు, వీళ్లు పరిగెత్తడానికి వస్తారనుకుంటారు. పొరపాటు. వీళ్లు నొప్పుల గురించి మాట్లాడుకోవడానికి వస్తారు. పరుగు దానికి పెట్టుబడి. నా మొదటి నెలలో నాకు ఏ గాయమూ లేకపోయేసరికి, సంభాషణల్లో నేను జంధ్యం లేని బ్రాహ్మణుడిలా పక్కన నిలబడ్డాను. ఒకాయనకు షిన్ స్ప్లింట్స్. ఒకామెకు ప్లాంటార్ ఫేషియైటిస్. బ్యాంకు మేనేజరు గారికి ఎకిలీస్. ఆ పేరు పలుకుతున్నప్పుడు ఆయన ముఖంలో, గ్రీకు వీరుడితో వియ్యమందిన కళ. ఇదే మడమ నొప్పి మా నాన్నకు వస్తే, మా అమ్మ ఇటుకరాయి కాల్చి, మీద జిల్లేడాకు వేసి, మడమ పెట్టించేది. నొప్పి పోయేదో, కాలుతున్న బాధలో మరుగున పడేదో తెలియదు. మొత్తానికి దాని గురించి పక్కింటికి కూడా తెలిసేది కాదు. ఇంగ్లీషు పేరు పెట్టగానే ఆ మడమ నొప్పికే హోదా వచ్చింది, కన్సల్టేషన్ ఫీజూ వచ్చింది.

నా వంతు జూన్‌లో వచ్చింది. సచివాలయం పక్క ఫ్లైఓవర్ దిగుతుంటే కుడిమోకాలి బయటి వైపు ఎవరో దబ్బనం గుచ్చినట్టయింది. ఎక్కేటప్పుడు లేదు, దిగేటప్పుడే. కుంటుకుంటూ బృందం దగ్గరికి వెళ్లేసరికి స్వాగత సత్కారాలు. "ఐటీ బ్యాండ్ అన్నా! కంగ్రాట్స్!" నిజంగా కంగ్రాట్స్ అన్నారు. తుంటి నుంచి మోకాలి దాకా తొడ పక్కగా దిగే పట్టీ లాంటి పీచు పొర అది. అలవాటు లేని దూరాలు ఒక్కసారిగా పెంచితే, ముఖ్యంగా దిగుడు దారుల్లో, మోకాలి ఎముక దగ్గర మంట పుట్టిస్తుంది. మందు కూడా తెలిసిందే. కొన్నాళ్లు తగ్గించు, తుంటి కండరాలు గట్టిపరుచు, మెల్లగా మళ్లీ మొదలుపెట్టు. ఇంతే. ఈ మూడు ముక్కలూ ఉచితం కాబట్టి ఎవరికీ నచ్చలేదు.

అందరూ తలా ఒక అడ్తిదారుణ్ని చూపించారు. ఒకచోట రంగురంగుల టేపులంటించారు, సంక్రాంతి పతంగిలా ఇంటికొచ్చాను. ఒకచోట సూదులు గుచ్చారు. ఒకచోట ముళ్లున్న రబ్బరు రోలరు అమ్మారు, దాని మీద తొడను దొర్లిస్తుంటే నేను పెట్టిన కేకలకు పైఅంతస్తువాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆ ఇంట్లో ఆ నెలలో నిజంగా పరిగెత్తినవాళ్లు వాళ్లే. చివరికి ఒక పెద్ద ఆసుపత్రిలో మోకాలికి ఎంఆర్ఐ తీయించమన్నారు. "మెదడు మోకాల్లో ఉందని తెలిశాక ఇక ఫొటో కూడా ఎందుకండీ?" అంది మా ఆవిడ. అయినా తీయించాను. రిపోర్టు రెండు పేజీలు. చివరి వాక్యం: వయసుకు తగిన అరుగుదల. 7 వేలు తీసుకుని నా వయసు నాకు చెప్పారు. గడియారం చెప్పని సంగతి అదొక్కటే మిగిలింది, అదీ తీరింది.

అన్ని దారులూ మూసుకున్నాక పాతబస్తీలో ఒక పహిల్వాన్ దగ్గరికి పోయాను. మన ఊళ్లో ఎముకలు కట్టే విద్య తాలింఖానాలో కుస్తీ పట్టినవాళ్లది. ఎముక విరిచే నైపుణ్యమూ అతికించే నైపుణ్యమూ ఒకే గూటిలో పెరిగాయి. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు ఎలాగో ఇక్కడ పహిల్వాన్ కట్టు అలాగ. బెంచీ మీద క్యూలో కూర్చుని తలెత్తితే ఎదురుగా బ్యాంకు మేనేజరు గారు, ఎకిలీస్ సమేతంగా. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు, కల్లు దుకాణంలో ఎదురుపడిన అన్నదమ్ముల్లా, గోడ మీద క్యాలెండరు చదివాం. పహిల్వాన్ నూనె పెట్టి, ఒక్క నొక్కు నొక్కి అడిగాడు. "క్యా కామ్ కర్తే?" ఖాతాలు రాస్తానన్నాను. కూర్చుని రాసే పనికి మోకాలు ఎలా పోయిందో ఆయనకు అర్థం కాలేదు. పరుగు అని చెప్పలేకపోయాను. మెట్ల మీద జారానన్నాను.

ఇంతకూ టేపులంటించిన ఫిజియో నాతో చెప్పిన ముఖ్యమైన మాట మరిచిపోయాను. "లోడ్ మేనేజ్‌మెంట్" అన్నాడు. మీ కండరాల మీద లోడు ఎక్కువైంది, లోడు తగ్గించండి, వారంలో ఒకరోజు పూర్తి విశ్రాంతి, నాలుగు వారాలకొకసారి సగం లోడు, పందేనికి ముందు రెండు వారాలు బాగా తగ్గించాలి. అది శాస్త్రం, టేపర్ అంటారు. శ్రద్ధగా రాసుకొచ్చి దుకాణంలో బల్ల మీద పెట్టాను. బయట మా మేస్త్రి లారీ తలుపు దగ్గర నిలబడి వీపు మీద 50 కిలోల బస్తా సర్దించుకుంటున్నాడు. మగ మనిషి మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. క్వింటాలు బస్తాలు వీపున మోసిన తరం ఆయనది. సంచి ఈమధ్య కాస్త చిక్కింది, ఆయన మోకాళ్లు అప్పటికే అరిగాయి. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతాడు. కిందటి నెల రెండు రోజులు రాకపోతే, ఖాతాలో ఆయన పేరు కింద షావుకారు నాతో రాయించిన పదం టేపర్ కాదు. నాగా.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే తూకంలో మోసం చేసినట్టే. పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని మా వదిన అంటుంది గానీ, అది తప్పు. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుడు 3.5 శాతం. కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2. పోటీల కోసమే బతికేవాళ్లలో 13.3. అంటే ఇంట్లో కూర్చుని నా మోకాళ్ల గురించి బెంగపడుతున్న వదిన మోకాళ్ల కంటే నా మోకాళ్లే పదిలంగా ఉండేవి, నేను గనక రోజుకు నాలుగు కిలోమీటర్లతో సరిపెట్టుకుని, ఇడ్లీ తిని, దుకాణానికి పోయుంటే. కానీ నాలుగు కిలోమీటర్లకు మెడల్ ఎవడిస్తాడు? నాలుగు కిలోమీటర్లవాడికి ఏ కంపెనీ గడియారం అమ్ముతుంది? నాలుగు కిలోమీటర్లవాడికి గాయం కూడా రాదు. సంఘంలో తిరిగేదెట్లా!

42.195 అనే అంకె ఎక్కడిదో కూడా తెలుసుకున్నాను. మంచం మీద కాలు ఎత్తిపెట్టుకున్న నెలలో ఇంకేం పని? 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించడానికి ఎంతయిందో అంత. 1921లో అదే ఖాయం చేశారు. మా గంజ్‌లో తూకంరాయికి తూనికల శాఖ ముద్ర కావాలి. అక్కడ రాణిగారి కుర్చీ చాలింది. ఆ పందెంలో డొరాండో పియెత్రి అనే ఇటలీ కుర్రాడు, మిఠాయి దుకాణంలో పనివాడు, అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, దారితప్పి, పడి, లేచి, మళ్లీ పడి, చివరికి అధికారులు రెక్కపట్టుకుని గీత దాటిస్తే అనర్హుడయ్యాడు. మర్నాడు రాణి అతనికి ప్రత్యేకంగా కప్పు ఇచ్చింది. గెలిచిన జానీ హేయ్స్ పేరు ఎవరికీ గుర్తులేదు, కుప్పకూలినవాడి పేరు ఉంది. గాయానికి గౌరవం ఆ రోజే రిజిస్టరయింది.

ఆ పందెం జరిగింది జులైలో. అదే ఏడు సెప్టెంబరు 28న ఇక్కడ మూసీ పొంగింది. ఉస్మాన్‌గంజ్ పక్కనే ఉన్న అఫ్జల్‌గంజ్ మునిగిపోయింది, వేలమంది పోయారు. ఆనాడు ఈ వీధుల్లో జనం నిజంగా పరిగెత్తారు. ఎంత దూరమో ఎవరూ కొలవలేదు. ఎవరి లెక్క మిగిలిందంటే, ఇప్పుడు ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి కొమ్మలు పట్టుకుని కూర్చున్నవాళ్లది. 150 మందికి పైగా బతికారంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆసుపత్రికి ఎముకల డాక్టరు కోసం వెళ్లేవాళ్లు దాని నీడనే నిలబడతారు.

నా సంగతికి వస్తే, 42 అన్నది జులైకి 21 అయింది, అచ్చం పంట మార్కెట్టుకు వచ్చిన రోజు మిర్చి ధరలా. 2011 నుంచీ జరుగుతున్న మన హైదరాబాద్ మారథాన్ దారిని ఎవరు గీశారో గానీ, ఊరిలో కట్టిన ఫ్లైఓవర్లకు మనుషులతో లోడు పరీక్ష చేయించాలన్న ఉద్దేశం ఉండి ఉండాలి. ఆగస్టు ఉక్కలో, చీకటితోనే పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది. అందరి ఒంటి మీదా టేపులు. ఎక్కే ఫ్లైఓవర్ మీద ఊపిరి పోయింది, దిగే ఫ్లైఓవర్ మీద మోకాలు పోయింది. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనవాళ్లు సామెత చెప్పినప్పుడు, పరిగెత్తి నీళ్లు తాగే మూడో రకం ఒకటి పుడుతుందని, దానికి టికెట్టు కూడా పెడతారని ఊహించలేదు. 16వ కిలోమీటరు దగ్గర వాలంటీరు అమ్మాయి చప్పట్లు కొడుతూ "చాలా బాగా నడుస్తున్నారు అంకుల్" అంది. నేను పరిగెత్తుతున్నాను.

3 గంటల 12 నిమిషాలు. ఒక మెడల్, ఒక అరటిపండు, ఒక టీషర్టు.

సోమవారం దుకాణానికి వచ్చి, గోదాము మెట్లు ముఖం ముందుకు పెట్టి దిగలేక, వెనక్కి తిరిగి దిగాను. రేపు పక్కకు తిరిగి కూడా ప్రయత్నించమని మా మేస్త్రి సలహా ఇచ్చాడు, అనుభవజ్ఞుడు. రాత్రి కూర్చుని తక్‌పట్టీ రాశాను. రెండు జతల బూట్లు, గడియారం, ఫీజు, టేపులు, సూదులు, రోలరు, ఎంఆర్ఐ, పహిల్వాన్ నూనె, ప్రొటీన్ పొడి, మోకాళ్లకు బలమని ప్రతి ఆదివారం తాగిన పాయా. మొత్తం 61 వేల చిల్లర. 21.1 కిలోమీటర్లకు వేస్తే, కిలోమీటరుకు దాదాపు 2,900. ఆ 61 వేలతో మా లారీ విజయవాడ పోయి, అక్కడ డ్రైవరు బిర్యానీ తిని, తిరిగి వచ్చి, ఇంకా మిగిలేది. కింద తరుగు అని రాసి, పక్కన ఖాళీ వదిలాను. వయసుకు తగినది అనే కదా రిపోర్టులో రాశారు, అంకె వేయలేదు.

మా షావుకారు కొడుక్కి ఇలాంటి టీషర్టులు బీరువా నిండా ఉన్నాయి. దసరాకు దుకాణంలో పనివాళ్లకు బట్టలు పంచేటప్పుడు వాటిలో కొన్ని కూడా ఇచ్చాడు. మేస్త్రికి నారింజ రంగుది దక్కింది. వీపు మీద ఇంగ్లీషులో ఇంత పెద్ద అక్షరాలతో, ఫుల్ మారథాన్ ఫినిషర్, 42.195. బస్తా రాపిడికి గుడ్డ మందంగా ఉందని ఆయనకు బాగా నచ్చింది.

మొన్నొక తెల్లవారుజామున మా బృందంలో కొత్తగా చేరిన ఒకాయన గంజ్ మీదుగా పరుగు తీస్తూ, లారీ పక్కన ఆ వీపు చూసి టక్కున ఆగాడు. గడియారం ఆపాడు. కళ్లలో భక్తి.

"అన్నా, ఫుల్ చేసినవా? నీ టైమ్ ఎంత?"

మేస్త్రి లారీలోకి తొంగిచూసి, డ్రైవరును అడిగి చెప్పాడు. "అయిదున్నర అయితుంది సారూ."

"అయిదున్నరా! మన ఎండల్లో మంచి టైమింగే! ఫినిష్ చేసినప్పుడు ఎట్లనిపించింది?"

"ఏడ అయిపోయింది సారూ," అన్నాడు మేస్త్రి, వీపు వంచి బస్తా అందుకుంటూ. "ఇంక నలభై సంచులున్నయి. జర పక్కకు జరుగున్రి."